ఉన్నవ లక్ష్మీనారాయణ పంతులుగారు: డబ్లిను నుండి పల్నాటికి

మాలపల్లి గ్రంథకర్తయగు శ్రీ ఉన్నవ లక్ష్మీనారాయణ పంతులుగారిని ఎఱుగని చదువరి మన గ్రంథాలయమునకు వచ్చువారిలో ఉండడు. ఈ రజతోత్సవ సంచికకు ఒక మహనీయుని జీవితము వ్రాసి ఇమ్మని కార్యవర్గమువారు కోరినపుడు నాకు మొదట తోచిన పేరు వారిదే. అయితే వారి జీవితమంతయు ఒకే కొలతతో చెప్పుట నా యుద్దేశము కాదు. వారు 1913లో ఐర్లండు దేశమునకు పోయి, 1916లో మరలివచ్చిరి. ఏమి విడిచి పోయిరి, ఎట్టి కాలమున మరలిరి, మరలివచ్చి నిజముగా ఎచ్చట కాలూనిరి అను సంగతియే నా మనస్సును పట్టుకొన్నది. మన యూరి బిడ్డలు నేడు ఎందఱో అమెరికాలోను, ఆస్ట్రేలియాలోను ఉన్నారు గనుక ఇది వట్టి పాతకథ కాదు.

పంతులుగారు 1877వ సంవత్సరము డిసెంబరు 4వ తేదీన సత్తెనపల్లి తాలూకా వేములూరుపాడు గ్రామమున జన్మించిరి. తండ్రి శ్రీరాములుగారు, తల్లి శేషమ్మగారు. నాటికి గుంటూరు జిల్లా లేదు. అది 1904లో ఏర్పడినది. 1892లో లక్ష్మీబాయమ్మగారితో వివాహమైనది. ఉపాధ్యాయులుగా కొంతకాలము పనిచేసి, ప్లీడరై గుంటూరున నిలిచిరి. పేరు, సంసారము, వృత్తి అన్నియు ఒక దారిన పడినవి. ఇంతటితో తృప్తిపడినచో నేడు వారిని తలంచువారు ఉండకపోదురు.

1902లో వారు గుంటూరున వితంతు శరణాలయము స్థాపించిరి. కందుకూరి వీరేశలింగం పంతులుగారి మార్గము వారిది. ఆ దినములలో వితంతు వివాహము జరిపించినవానికి పురోహితుడు రాడు, వంటవాడు రాడు, బంధువు గడప త్రొక్కడు. ఆ సంగతి చదువరులు మనస్సున ఉంచుకొనవలెను, ముందు పనిపడును. 1912 ప్రాంతమున జొన్నవిత్తుల గురునాథముగారితో కలిసి తెలుగు జిల్లాల నన్నిటిని ఒకచోట చూపు ఆంధ్రదేశ పటమును సిద్ధము చేయించిరి. రాష్ట్రమునకు ముందు పటము పుట్టినది. లెక్కలు వ్రాయువానికి ఇది వింతగా తోచదు. పొలము కొనువాడు మొదట హద్దులు వ్రాయించుకొనును. స్వాధీనము పిమ్మటి మాట. 1913లో బాపట్లలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగినది. ఆ సంవత్సరముననే పంతులుగారు బారిష్టరు చదువునకై ఓడ యెక్కిరి. వయస్సు ముప్పదియైదు దాటినది. ఆ యీడున పలక పట్టుకొని బడికి పోవుటకు ధైర్యము కావలెను.

వారు పోయినది లండను నగరమునకు కాదు, ఐర్లండునందలి డబ్లినుకు. ఆ యేడు ఆగస్టు నెలలోనే డబ్లినులో గొప్ప తగవు మొదలైనది. కార్మిక సంఘములో చేరిన కూలీలకు పని యీయమని యజమానులు వాకిళ్లు మూసిరి. ఇరువదివేల మంది పనివాండ్రు తమ ఆలుబిడ్డలతో 1914 జనవరి వఱకు ఆకటికి మాడిరి. జేమ్సు లార్కిను, జేమ్సు కానలీ అను నాయకులు వారిని నడిపిరి. తుదకు ఓడినది కూలీలే. ఐర్లండు కూడ నాడు ఇంగ్లీషువారి పాలనలోని దేశమే. అచ్చటి రైతు సహితము ఎవరికో శిస్తు కట్టి తన నేలను తాను దున్నుకొన్నవాడే. లండనులో చదివినవాడు రాజధానిని చూచును. డబ్లినులో చదివినవాడు తనవంటి దేశమునే మఱియొక రంగున చూచును. ఈ భేదము చిన్నది కాదని నా అభిప్రాయము.

డబ్లినులో బారిష్టరు పట్టమొసగు సంస్థ కింగ్సు ఇన్సు. అచ్చటి ఆచారమొకటి మన పల్నాటివారికి చోద్యముగా నుండును. పరీక్షలు కృతార్థులైనంత మాత్రమున చాలదు. నియమితమైన సంఖ్యలో ఆ సంస్థ భోజనశాలయందు తోడివారితో కూర్చుండి భోజనము చేసినట్లు లెక్క చూపవలెను. కలిసి తిననివానికి పట్టము లేదన్నమాట. ఈ నియమమును గూర్చి చదివినపుడు నాకు మాచెర్ల చెన్నకేశవస్వామి గుడియు, బ్రహ్మనాయుని చాపకూడును జ్ఞప్తికి వచ్చినవి. అన్ని కులములవారిని ఒక చాపపై కూర్చుండబెట్టి అన్నము పెట్టినందుకు మన దేశమున యుద్ధము వచ్చినదని వీరగాథలు పాడువారు నేటికిని కారెంపూడిలో చెప్పుదురు. అచ్చట అది చదువులో భాగము. బ్రహ్మనాయుడు కన్నమదాసుతో కలిసి తిన్నది మాత్రము ఏ పట్టమునకును కాదు.

1914లో మహాసంగ్రామము వచ్చినది. ఐర్లండునకు స్వపరిపాలన నిచ్చు శాసనము ఆ యేడే పార్లమెంటులో నెగ్గినను, యుద్ధము ముగియువఱకు అమలు ఆపివేసిరి. చేతికందిన కబళము నోటికి రాలేదు. 1915 మే నెలలో లూసిటేనియా అను పెద్ద ఓడను జర్మను జలాంతర్గామి ఐర్లండు తీరముననే ముంచినది. ఆ డిసెంబరు 30వ తేదీన బొంబాయికి వచ్చుచున్న పర్షియా అను ఓడను క్రీటు ద్వీపమునకు దక్షిణమున ముంచిరి. మూడువందలకు పైబడి జనులు మునిగిపోయిరి. ఇంటికి రాదలచిన తెలుగువానికి దారి అదే. నేడు విమానము టిక్కెట్టు ధర పెరిగినదని ప్రయాణము ఆర్నెల్లు వాయిదా వేయువారు ఆ కాలపువారి సంకల్పమును ఒక్కసారి తలంచవలెను. ఓడలో చోటు దొరకుట ఒక యెత్తు, ఆ యోడ గట్టు చేరుట ఒక యెత్తు.

పంతులుగారు మరలివచ్చిన 1916వ సంవత్సరమే డబ్లిను చరిత్రలో రక్తాక్షరములతో వ్రాయబడిన సంవత్సరము. ఏప్రిలు 24వ తేదీ, ఈస్టరు సోమవారము, ఐరిష్ వీరులు నగరపు పెద్ద తపాలా కార్యాలయమును పట్టుకొని తమ దేశము గణతంత్రమని ప్రకటించిరి. న్యాయస్థానములున్న ఫోర్‌కోర్ట్సు భవనమును సహితము ఆక్రమించిరి. ఆరు దినములలో ఫిరంగులు తిరుగుబాటును అణచివేసినవి. మే నెలలో నాయకులను ఒక్కొక్కరినే కాల్చిచంపిరి. కానలీ గాయపడి నిలువలేకయుండగా కుర్చీలో కూర్చుండబెట్టి కాల్చిరి. మూడేండ్ల క్రిందట కూలీల పక్షమున నిలిచినవాడితడే.

ఆ నగరముననే చదువుచున్న మఱియొక తెలుగు విద్యార్థి బరంపురమునకు చెందిన వరాహగిరి వేంకటగిరిగారు. వారు 1894లో పుట్టినవారు గనుక పంతులుగారికంటె పదునేడేండ్లు చిన్న. తిరుగుబాటు ముగిసిన పిమ్మట ప్రభుత్వము గిరిగారిని జూలై 1వ తేదీ లోపల దేశము విడిచిపొమ్మని ఆజ్ఞాపించినది. నెల దినములలో పెట్టె సర్దుకొనవలసివచ్చినది. వచ్చినవారు బరంపురమున న్యాయవాదియై, పిదప రైలు కార్మికుల నాయకుడై, 1969లో భారత రాష్ట్రపతి పదవి నధిష్ఠించిరి. చదువుకొన్నది న్యాయశాస్త్రము, వెంట తెచ్చుకొన్నది కార్మిక సంఘము.

ఇక్కడ నా సంగతి కొంత చెప్పక తప్పదు. నేను గ్రామలెక్కలు వ్రాసి జీవించువాడను. పరదేశమున నున్న మన యువకులు తిరిగిరావలెనని తలంచినపుడు మొట్టమొదట కబురు వచ్చునది నాకే. తాతగారి పేర నున్న చెక్క తమ పేరికి మారినదా, అడంగలులో సాగుదారు గడియందు ఎవరి పేరున్నది, 1-బి నకలు తీసి పంపగలనా, సర్వే రాళ్లు చోటనే ఉన్నవా అని అడుగుదురు. తెల్లవాఱుజామున ఫోను మ్రోగినచో అది అమెరికాయే. అడుగుట న్యాయమే, పొలము గట్టు ఏటికొక జానెడు ప్రక్కకు నడచు సీమ మనది. ఒకడు మాత్రము, పేరు చెప్పను, భూమి సంగతులన్నియు అడిగి కొంతసేపు ఊరకుండి, మామా, నేను వచ్చినచో ఊరిలో నాకు పని యేమున్నదని అడిగినాడు. దానికి నకలు తీసి పంపుటకు నాయొద్ద రిజిష్టరు లేదు. ఆ ప్రశ్న చెవిలో నుండగనే పంతులుగారి చరిత్రను మరల చదివితిని.

వారు వచ్చి మద్రాసు హైకోర్టులో న్యాయవాదిగా పనిచేసిరి. బారిష్టరునకు తగిన చోటు అదియే. అచ్చటనే ఉండిపోయినచో ఎవరును తప్పుపట్టకపోదురు. డబ్లిను నుండి మద్రాసు వఱకు వచ్చినవాడు ఇంటికి వచ్చినట్లే లెక్క. కాని ఓడ దిగిన నాటికి వారి రాక పూర్తికాలేదని నేననుకొందును. దానికి మఱి అయిదేండ్లు పట్టినది.

1921 మార్చి తుదిని బెజవాడలో కాంగ్రెసు మహాసమితి సమావేశమైనది. గాంధీమహాత్ముడు వచ్చెను. గుంటూరు జిల్లా అంతయు మేల్కొన్నది. చీరాల పేరాలలో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు ఊరినే ఖాళీ చేయించిరి. వారును స్కాట్లండులో ఎడింబరో విశ్వవిద్యాలయమున చదివి వచ్చినవారే. పల్నాటిలో కలహము మఱియొక విధమైనది. ఇచ్చటి రైతునకు పశువులే సంపద, పశువులకు అడవియే ఆధారము. 1882 నాటి మద్రాసు అటవీ శాసనము అడవికి గీత గీచినది. తాతలనాటి నుండి ఆవును తోలిన బీటిలో అడుగుపెట్టుటకు పుల్లరి కట్టవలసివచ్చినది. పుల్లరి కట్టినను తగవు తీరదు. గీత దాటినదని పసరమును బందెలదొడ్డికి తోలుదురు, విడిపించుకొనుటకు మరల రొక్కము. వానలు లేని యేట ఈ బాధ ఇంతింతనరాదు. పసరమునకు గీత కనబడదు. పచ్చిక కనబడును.

పల్నాటి రైతులు చేసినదేమనగా, అటవీ ఉద్యోగులను వెలివేసిరి. చాకలి బట్టలు ఉదుకలేదు, మంగలి క్షౌరము చేయలేదు, అంగడివాడు సరుకు అమ్మలేదు, పాలు పెరుగు పోయువారు లేరు. ఈ పద్ధతికి ఇంగ్లీషులో బాయికాటు అని పేరు. ఆ మాట పుట్టినది ఐర్లండులో. 1880లో మేయో అను జిల్లాలో ఒక జమీందారునకు శిస్తు వసూలు చేయు ఉద్యోగి పేరు కెప్టెను బాయికాటు. రైతులాతనిని వెలివేసిరి. పంట కోయువాడు లేడు, ఉత్తరములు తెచ్చువాడు లేడు. తుదకు ఏబది మంది కూలీలను పరాయి జిల్లాల నుండి తెచ్చి, వారికి కాపలాగా వేయిమంది సైనికులను పెట్టి ఆ పంట కోయించిరి. పంట వెలకంటె కాపలా ఖర్చు ఎన్నో రెట్లు! ఏ లెక్కల పుస్తకములోను అంతటి నష్టపు పద్దు నేను చూడలేదు.

ఆ మాట పుట్టిన దేశమున మూడేండ్లు ఉండివచ్చిన పంతులుగారు, ఆ మాట యెన్నడును వినని పల్నాటి రైతులు ఆ పనియే చేయుచుండగా చూచిరి. వారు దానిని పరదేశము నుండి తెచ్చి ఇచ్చటివారికి నేర్పినారనుట పొరపాటు. వెలి మన పల్లెలలో అనాదిగా నున్నదే. నిరుపేదలపైని, నిమ్నజాతులపైని, వితంతు వివాహము చేసిన సంస్కర్తలపైని పెద్దలు ప్రయోగించిన ఆయుధమది. దానిని సర్కారుపై త్రిప్పుట క్రొత్త. అప్పటికి మాచెర్లకు రైలు లేదు. రాష్ట్ర కాంగ్రెసువారి పక్షమున పంతులుగారును, వేదాంతం నరసింహాచారిగారును పల్నాటికి వచ్చి రైతుల మొఱ వినిరి. ప్రభుత్వము వారిని నిర్బంధించి, సత్ప్రవర్తనకు జామీను ఇమ్మని కోరినది. ఇయ్యమనిరి. ఏడాది శిక్ష పడినది. ప్లీడరు గుమాస్తాకు సహితము జామీను వ్రాయుట తెలియును. బారిష్టరు వ్రాయనని చెఱసాలకు పోయెను.

పల్నాటి కథ అంతటితో ముగియలేదు. 1922 ఫిబ్రవరిలో మించాలపాడున కన్నెగంటి హనుమంతు తుపాకి గుండ్లకు నేలకొరిగెను. ఆ వీరుని గూర్చి ఈ సీమలో చెప్పనివారు లేరు గనుక ఇచ్చట విస్తరింపను.

రాయవేలూరు చెఱసాలలో పంతులుగారు మాలపల్లి వ్రాసిరి. దానికి సంగవిజయమని మఱియొక పేరు. మంగళాపురమను పల్లెలో రామదాసు అను హరిజన భక్తుడు, అతని కుమారులు వేంకటదాసు, సంగదాసు. కూలి తగవులో కూలీలను ఒక్కటి చేసిన సంగదాసు భూస్వామియగు చౌదరయ్య చేతి దెబ్బకు మరణించును. అన్న వేంకటదాసు న్యాయము దొరకని చోట తక్కెళ్ల జగ్గడను పేర దోపిడికాడై, ధనవంతులను కొల్లగొట్టి పేదలకు పంచును. చెఱసాల లోపలి బ్రతుకును అంత నిజముగా చూపిన తెలుగు గ్రంథము అంతకుముందు నేను చదివినవానిలో లేదు. ఆ కూలీల పంతమును చదువునపుడు డబ్లినులో ఆకటికి మాడిన ఇరువదివేల మంది నాకు కనబడుదురు. అయినను ఆ పుస్తకములో ఐర్లండు వాసన లేదు. ఉన్నదంతయు గుంటూరు సీమ రేగడి నేల, మన గూడెము, మన పాలేరు, మన తత్త్వములు. మాట కూడ ఆ జనుల మాటయే. కవిత్రయమును, ప్రబంధములను దీపము ముందు ఒంటిగా చదువుకొని ఈ భాష పట్టుకొన్న నేను, వాడుక మాటలో అంతటి గ్రంథము వ్రాసిన బారిష్టరును గూర్చి గ్రాంథికమున వ్రాయుట కొంత విడ్డూరమే. చేయి అలవాటుపడినది, ఏమి చేయుదును!

1922లో అచ్చుపడిన ఆ గ్రంథమును 1923లో ప్రభుత్వము నిషేధించినది. మరల 1936లో నిషేధించినది. 1937లో కాంగ్రెసు మంత్రివర్గము వచ్చిన పిమ్మట నిషేధము తొలగినది.

పల్నాటిపై వారికి మక్కువ చెఱతో తీరలేదు. మన వీరచరిత్ర నాధారము చేసికొని నాయకురాలు అను రచన చేసిరి. ఆ చరిత్ర యెట్టిదో చదువరులకు తెలియును. కోడిపందెములో ఓడినవారు ఏడేండ్లు రాజ్యము విడిచిపోవలెనని ఒడంబడిక. మాచెర్లవారు ఓడి పోయిరి. గడువు తీరినది. తమ సీమకు తాము మరలుటకు ముందుగా అలరాజును గురజాలకు రాయబారమంపిరి. అతనికి విషము పెట్టిరి. ఆ పిమ్మట నాగులేటి ఒడ్డున జరిగినది కారెంపూడి యుద్ధము. పోవుటకు ఒక పందెము చాలినది; మరలుటకు ఇరుపక్షముల వీరులును కావలసివచ్చిరి. ఇంటికి తిరిగిరాదలచినవాని కథయే మన సీమకు పురాణము. డబ్లినులో నుండి వచ్చినవాడు వ్రాయుటకు ఇంతకంటె దగ్గరి కథ ఏది?

పంతులుగారు 1922లో లక్ష్మీబాయమ్మగారితో కలిసి గుంటూరున శారదానికేతనము స్థాపించిరి. ఆడుబిడ్డలకు విద్యయు, చేతిపనియు నేర్పు ఆ సంస్థ వారి మిగిలిన జీవితమునకు ఆటపట్టైనది. వితంతు శరణాలయముతో 1902లో మొదలైన దారి మరల అచ్చటికే వచ్చినది. నడుమ ఒక సముద్రము, ఒక చెఱసాల. ఉప్పు సత్యాగ్రహ కాలమునను, 1942లోను మరల చెఱకు పోయిరి. లక్ష్మీబాయమ్మగారును స్వాతంత్ర్యోద్యమమున శిక్ష అనుభవించినవారే.

1912లో వారు పూనుకొని సిద్ధము చేయించిన పటము నలువదియొక్క సంవత్సరములు కాగితముగనే ఉన్నది. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రము ఏర్పడినది. 1956 నవంబరు 1వ తేదీన ఆంధ్రప్రదేశము అవతరించినది. ఆ రెండు దినములను పంతులుగారు కన్నులార చూచిరి. 1958 సెప్టెంబరు 25వ తేదీన, ఎనుబదియొకటవ యేట స్వర్గస్థులైరి. మన గ్రంథాలయమున మాలపల్లి ప్రతులు రెండున్నవి. వానిలో నొకటి నాకు ఫోనుచేసి అడిగిన ఆ యువకుని పేర తీసియుంచితిని. సంక్రాంతికి వచ్చెదనని వ్రాసినాడు.